అలోహాల భౌతిక స్థితి: బంధం ఎక్కడ ఆగుతుంది?

ఆవర్తన పట్టికలో కుడివైపు పైభాగాన గుమిగూడిన అలోహాలు ఇరవైకి మించవు. అయినా ఈ చిన్న గుంపులో ఉన్నంత వైవిధ్యం మిగతా పట్టికంతా వెతికినా కనిపించదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోహాలలో పాదరసం ఒక్కటే ద్రవం, తక్కినవన్నీ ఘనాలు. అలోహాల సంగతి అలా కాదు. హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, క్లోరిన్, వాటితో పాటు హీలియం మొదలు రేడాన్ దాకా ఆరు జడవాయువులు, మొత్తం పదకొండు మూలకాలు వాయు రూపంలో ఉంటాయి. బ్రోమిన్ ఒక్కటి ద్రవం. కర్బనం, భాస్వరం, గంధకం, సెలీనియం, అయొడిన్ ఘనాలు. హీలియం మైనస్ 269 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. గ్రాఫైట్ 3,600 డిగ్రీల చుట్టుపక్కలకు చేరితే గానీ ఆవిరి కాదు. పక్కపక్క గళ్లలో ఉన్న కర్బనానికీ నైట్రోజన్‌కూ కేంద్రకంలో ఒక్క ప్రోటాన్ తేడా. ఆ ఒక్కదానితో ప్రకృతిలోకెల్లా గట్టి ఘనం పక్కనే మనం పీల్చే గాలిలో ముప్పాతిక భాగానికి పైగా ఉన్న వాయువు వచ్చి కూర్చుంది.

దీనికి బడి పుస్తకాల్లో తరచు కనిపించే సమాధానం ఒకటుంది: బంధాలు బలమైనవైతే పదార్థం ఘనం, బలహీనమైనవైతే వాయువు. వినడానికి సబబుగానే ఉన్నా అంకెల ముందు ఇది నిలవదు. ఒకే మూలకానికి చెందిన రెండు పరమాణువుల అణువులలో అన్నిటికంటే బలమైన బంధం నైట్రోజన్‌ది. ఒక మోల్ నైట్రోజన్ అణువులను పరమాణువులుగా విడగొట్టడానికి 945 కిలోజౌళ్లు కావాలి. అయొడిన్ అణువుకు 151 చాలు. ఆరు రెట్లకు పైగా బలమైన బంధమున్న నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంటే, బలహీన బంధమున్న అయొడిన్ గదిలో నల్లని మెరిసే పలుకులుగా పడి ఉంటుంది. కాబట్టి అలోహాల స్థితిని తేల్చేది బంధం ఎంత గట్టిదన్నది కాదు, అది ఎక్కడ ఆగుతుందన్నది. రెండు పరమాణువుల దగ్గర ఆగితే ఒక ఫలితం, ఎనిమిది దగ్గర ఆగితే మరొకటి, అసలు ఆగకుండా స్ఫటికం అంచుదాకా సాగితే ఇంకొకటి. బంధం ఆగిన చోట మిగిలే బలహీనమైన ఆకర్షణతోనే ఆ పదార్థం కాలక్షేపం చేయాలి.

ఈ రెండు రకాల ఆకర్షణల లెక్కనూ తేల్చినవారిలో ఒకే మనిషి ఉండటం విశేషం. 1927లో జ్యూరిక్‌లో వాల్టర్ హైట్లర్, ఫ్రిట్జ్ లండన్ కలిసి హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువులు ఎందుకు అతుక్కుని ఉంటాయో కొత్తగా పుట్టిన క్వాంటం యాంత్రికశాస్త్రంతో వివరించారు. రెండు ఎలక్ట్రాన్లను రెండు కేంద్రకాలూ పంచుకోవడమే సమయోజనీయ బంధమని గిల్బర్ట్ లూయిస్ 1916లో చెప్పినదానికి అది గణిత రూపం. మూడేళ్లకు, 1930లో, ఏ బంధమూ లేని రెండు పరమాణువుల మధ్య కూడా చిన్న ఆకర్షణ ఎందుకుంటుందో అదే లండన్ చూపించాడు. ఎలక్ట్రాన్ మేఘం క్షణక్షణం అటూ ఇటూ ఊగుతుంది. ఒకదాని ఊపు పక్కదానిలో తగిన ఊపును పుట్టిస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. వాండర్‌వాల్స్ 1873లోనే వాయువుల సమీకరణంలో చేర్చిన ఆకర్షణకు అలోహ మూలకాల విషయంలో మూలం దాదాపుగా ఇదే. ఈ లండన్ బలాలు దూరంతో చాలా వేగంగా తగ్గిపోతాయి: దూరం రెట్టింపయితే ఆకర్షణ శక్తి అరవై నాలుగో వంతుకు పడిపోతుంది.

నైట్రోజన్ ద్రవాన్ని ఆవిరి చేయడానికి మోల్‌కు 5.6 కిలోజౌళ్లు సరిపోతాయి. లోపలి బంధాన్ని తెంచడానికి కావలసినదానిలో ఇది 170వ వంతు మాత్రమే. మరిగేటప్పుడు తెగేది బంధం కాదు, అణువుకూ అణువుకూ మధ్యనున్న సన్నని పట్టు. దండలో దారం ఎంత గట్టిదైనా, పక్కపక్కన పడేసిన రెండు దండలను విడదీయడానికి దారం తెంపనక్కర్లేదు కదా. ఇక ఎంత పట్టు ఉంటే గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవంగా నిలవగలదో చెప్పే స్థూలమైన కొలమానం కూడా ఉంది. ఆవిరి కావడానికి మోల్‌కు కావలసిన ఉష్ణాన్ని కెల్విన్‌లలో లెక్కించిన మరుగు స్థానంతో భాగిస్తే చాలా ద్రవాలకు సుమారు 85 జౌళ్లు వస్తుంది. దీన్ని ట్రూటన్ నియమం అంటారు. ఆ లెక్కన 25 డిగ్రీల దగ్గర వాయువుకూ ద్రవానికీ మధ్య గీత 25 కిలోజౌళ్ల చుట్టుపక్కల పడాలి. క్లోరిన్‌కు ఈ ఉష్ణం 20.4, బ్రోమిన్‌కు 30. ఒకటి గీతకు ఇవతల వాయువు, రెండోది అవతల ద్రవం.

ఈ వాదానికి అన్నిటికంటే శుభ్రమైన సాక్ష్యం హాలోజన్ల కుటుంబం. నాలుగింటిలోనూ రెండేసి పరమాణువుల అణువే, ఒకే ఏక బంధమే. క్లోరిన్‌లో ఆ బంధ శక్తి 242 కిలోజౌళ్లు, బ్రోమిన్‌లో 193, అయొడిన్‌లో 151. అంటే కిందికి పోయేకొద్దీ బంధం సడలుతుంది. మరుగు స్థానాలు మాత్రం మైనస్ 34, 59, 184 డిగ్రీలుగా పైకి ఎగబాకుతాయి. బంధ బలమే స్థితిని నిర్ణయించేదైతే ఈ వరుస సరిగ్గా తలకిందులుగా ఉండాలి. ఫ్లోరిన్ ఇంకా చిత్రమైనది. అందులో బంధ శక్తి 158 కిలోజౌళ్లు మాత్రమే, మరుగు స్థానం మైనస్ 188. ఫ్లోరిన్ అణువులో మొత్తం 18 ఎలక్ట్రాన్లు. ఏ బంధమూ లేని ఆర్గాన్ పరమాణువులో కూడా 18 ఎలక్ట్రాన్లే, దాని మరుగు స్థానం మైనస్ 186. బంధమున్నదీ లేనిదీ రెండు డిగ్రీల తేడాలో మరుగుతున్నాయంటే, మరగడంలో ఆ బంధానికి పాత్ర లేదనే అర్థం.

అయితే అణువు బరువెక్కే కొద్దీ దాన్ని ఆవిరిగా లేపడం కష్టమవుతుంది, అంతే కదా అనే వాదన ఇక్కడ ఎదురవుతుంది. హాలోజన్ల వరుసకు ఇది కూడా సరిపోయినట్టే ఉంటుంది, అందుకే చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు. రేడాన్‌ను చూస్తే ఈ వాదన కూలిపోతుంది. రేడాన్ పరమాణువు భారం 222, బ్రోమిన్ అణువు భారం 160. బరువైన రేడాన్ మైనస్ 62 డిగ్రీల దగ్గర మరిగే వాయువు, తేలికైన బ్రోమిన్ ద్రవం. పోనీ ఎలక్ట్రాన్ల సంఖ్య అనుకుందామన్నా రేడాన్‌లో 86, బ్రోమిన్ అణువులో 70. లెక్కకు వచ్చేది బరువూ కాదు, వట్టి సంఖ్యా కాదు. ఎలక్ట్రాన్ మేఘం ఎంత సులువుగా వంగుతుందన్నది, అంటే ధ్రువణశీలత. జడవాయువు పరమాణువులో బయటి కక్ష్య నిండి, కేంద్రకం పట్టులో బిగిసి ఉంటుంది. బ్రోమిన్ అణువులో బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు బయటికి తేలి ఉంటాయి, పైగా పొడవాటి అణువు పక్కదానితో ఎక్కువ మేర ఆనుకుంటుంది. ఫ్లోరిన్, ఆర్గాన్ దగ్గర ఎలక్ట్రాన్ల సంఖ్య పని చేసినట్టు కనిపించడానికి కారణం, ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లను జడవాయువంత పిసినారిగా పట్టుకోవడమే.

ఈ వరుసకు అడుగున ఉన్నది హీలియం. తెలుగు నేలతో దానికొక అనుబంధం ఉంది: 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు; సూర్యుడి వర్ణపటంలో కనిపించిన పసుపు గీత కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. భూమి మీద ఆ మూలకాన్ని విలియం రామ్సే 1895లో పట్టుకున్నాడు. రెండే ఎలక్ట్రాన్లు, రెండూ కేంద్రకానికి దగ్గరగా బిగిసినవే. మోల్ హీలియం ఆవిరి కావడానికి ఒక కిలోజౌల్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. 1908 జూలైలో లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ దాన్ని ద్రవంగా మార్చాడు. గడ్డ కట్టించడం మాత్రం మామూలు పీడనంలో పరమశూన్యం దగ్గర కూడా కుదరదు. ఎంత చల్లబరచినా క్వాంటం నియమాల వల్ల మిగిలిపోయే కదలికే ఆ సన్నని ఆకర్షణకంటే ఎక్కువ. 1926లో కీసమ్ పాతిక వాతావరణాల పీడనానికి పైగా నొక్కి గానీ ఘన హీలియాన్ని చూడలేకపోయాడు.

ఇంతవరకూ బంధం రెండు పరమాణువుల దగ్గర ఆగినవాటి, లేదా అసలు మొదలే కానివాటి సంగతి. ఎక్కడ ఆగాలో నిర్ణయించేవి రెండు విషయాలు. మొదటిది, పరమాణువు ఎన్ని బంధాలు కోరుతుందన్నది. బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండడానికి ఎన్ని తక్కువైతే అన్ని బంధాలు కావాలి: హాలోజన్‌కు ఒకటి, ఆక్సిజన్ కుటుంబానికి రెండు, నైట్రోజన్ కుటుంబానికి మూడు, కర్బనానికి నాలుగు. ఒక్క బంధమే చేయగల పరమాణువు జతతోనే ఆగక తప్పదు. రెండు చేయగలది గొలుసుగానో వలయంగానో సాగవచ్చు. మూడు చేయగలది పంజరమో పలకో కట్టగలదు. నాలుగు చేయగలది మూడు దిశల్లోనూ అల్లుకుపోగలదు. రెండో విషయం, ఆ బంధాలన్నిటినీ ఒకే పొరుగువాడితో ఖర్చుపెట్టేయగలదా లేదా అన్నది. ఖర్చుపెట్టగలిగితే మూడు బంధాల మూలకం కూడా రెండు పరమాణువుల అణువుగా ముగిసిపోతుంది.

ఆవర్తన పట్టిక రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య గీత పడేది ఇక్కడే. ద్వి బంధంలోనూ త్రి బంధంలోనూ మొదటి సిగ్మా బంధం పోగా మిగిలినవి ‘పై’ బంధాలు. ఎలక్ట్రాన్లు ఉండే ఆర్బిటాళ్లు సిగ్మా బంధంలోలా ఎదురెదురుగా కాక, పక్కవాటుగా ఒకదాని మీదికొకటి వచ్చి కలిస్తే అవి ఏర్పడతాయి. పక్కవాటుగా కలవాలంటే పరమాణువులు బాగా దగ్గరికి రావాలి. నైట్రోజన్, ఆక్సిజన్ చిన్నవి కాబట్టి రాగలవు; భాస్వరం, గంధకం పెద్దవి, వాటికి ఆ కలయిక అంతగా గిట్టుబాటు కాదు. నైట్రోజన్ ఏక బంధం సుమారు 160 కిలోజౌళ్లు, అలాంటివి మూడు కలిస్తే 480. అదే త్రి బంధమైతే 945. ఎటు మొగ్గాలో నైట్రోజన్‌కు సందేహమే లేదు. భాస్వరం ఏక బంధం సుమారు 200, మూడు కలిస్తే 600. త్రి బంధమైతే 490 మాత్రమే. అది ముగ్గురు పొరుగువాళ్లతో ఒక్కొక్క బంధం చేసుకోవడమే మేలు. ఆక్సిజన్ ఏక బంధాలు రెండు కలిపితే 290 దగ్గర, ద్వి బంధం 498. గంధకంలో ఏక బంధాలు రెండు కలిపితే 530 దగ్గర, ద్వి బంధం 425. నైట్రోజన్, ఆక్సిజన్ వాయువులూ, వాటి సరిగ్గా కిందనున్న భాస్వరం, గంధకం ఘనాలూ కావడానికి కారణం ఈ నాలుగు కూడికల్లో ఉంది. బంధ బలానికి అసలు పాత్రే లేదనడం అందుకే సరికాదు. అది స్థితిని నేరుగా నిర్ణయించదు. ఏ అణువు ఏర్పడాలో నిర్ణయించి, దాని ద్వారా స్థితిని శాసిస్తుంది. నైట్రోజన్ విషయంలో దాని త్రి బంధపు గట్టిదనమే దాన్ని వాయువుగా ఉంచుతోంది. ఫారడే 1845లో ఎంత ప్రయత్నించినా ద్రవం చేయలేకపోయి శాశ్వత వాయువులుగా మిగిలిపోయినవాటిలో నైట్రోజన్, ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్నాయంటే, వాటి అణువులు లోపల అంతగా తృప్తిపడి ఉండటమే కారణం.

ఒకే మూలకం, ఒకే ఉష్ణోగ్రత, బంధాల సంఖ్య కూడా ఒకటే. ఆగే చోటు ఒక్కటే మారితే ఏమవుతుందో భాస్వరం చూపిస్తుంది. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ మూత్రాన్ని మరిగించి రాబట్టినది తెల్ల భాస్వరం. అందులో నాలుగేసి పరమాణువులు చతుర్ముఖి ఆకారంలో, ఒక్కొక్కటి మిగతా మూడింటితో ఏక బంధం చేసుకుని ఉంటాయి. బంధం నాలుగు దగ్గర ఆగిపోయింది గనుక అది మైనంలా మెత్తన, 44 డిగ్రీలకే కరుగుతుంది, కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగిపోతుంది. బంధాల మధ్య కోణం 60 డిగ్రీలకు నలిగి ఉండటం వల్ల అణువు ఒత్తిడిలో ఉంటుంది. గాలి తగిలితే అంటుకుంటుంది కాబట్టి నీటిలో దాస్తారు. దీన్నే గాలి తగలకుండా 250 డిగ్రీలకు పైన వేడి చేస్తే చతుర్ముఖిలో ఒక్కొక్క బంధం తెగి, పక్కదానితో కలిసి, ఎర్ర భాస్వరమనే బహ్వణుకం, అంటే అణువులు వరుసగా ముడిపడిన పొడవాటి అల్లిక, అవుతుంది. వియన్నాలో ష్రోటర్ 1840ల చివర్లో తేల్చిన విషయమిది. ఎర్ర భాస్వరం ఆ ద్రావణిలో కరగదు, 400 డిగ్రీలు దాటితే గానీ ఆవిరి కాదు. అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీ మీద ఉండేది అదే. 1914లో బ్రిడ్జ్‌మన్ 12,000 వాతావరణాల పీడనంలో, 200 డిగ్రీల దగ్గర తెల్ల భాస్వరాన్ని నొక్కితే గ్రాఫైట్‌ను తలపించే నల్ల భాస్వరం వచ్చింది. అందులో బంధం పలక పొడవునా సాగుతుంది. తెలుపు నుంచి నలుపుకు వచ్చేసరికి సాంద్రత 1.8 నుంచి 2.7కు పెరిగింది. మూడింటిలోనూ ప్రతి పరమాణువుకూ మూడు ఏక బంధాలే. ఇక ఆవిరిని 800 డిగ్రీలు దాటించి వేడి చేస్తే చతుర్ముఖులు విడిపోయి రెండేసి పరమాణువుల అణువులు కనిపించడం మొదలవుతాయి. పైవాడైన నైట్రోజన్ చల్లగా ఉన్నప్పుడే చేసే పనిని భాస్వరం ఇంత వేడిలో గానీ చేయదు.

గంధకం ఈ నాటకాన్ని ఒకే గిన్నెలో ఆడి చూపిస్తుంది. మామూలు గంధకంలో ఎనిమిదేసి పరమాణువులు కిరీటంలాంటి వలయంగా ముడిపడి ఉంటాయి. 95.5 డిగ్రీల దగ్గర స్ఫటిక రూపం మారుతుంది, 119 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగినప్పుడు వలయాలు చెదరవు, ఒకదాని మీదొకటి జారడం మొదలుపెడతాయి; అందుకే ఆ ద్రవం గడ్డిపసుపు రంగులో పలచగా ఉంటుంది. ఏ ద్రవమైనా వేడెక్కే కొద్దీ ఇంకా పలచబడాలి. గంధకం 159 డిగ్రీల దాకా అలాగే నడుచుకుని, అక్కడ ఎదురు తిరుగుతుంది. వలయాలు తెరుచుకుని, తెగిన కొసలు ఒకదానితో ఒకటి కలిసి, లక్ష పరమాణువుల దాకా పొడవున్న గొలుసులు అవుతాయి. రంగు ముదురు ఎరుపుకు తిరుగుతుంది, స్నిగ్ధత సుమారు పదివేల రెట్లు పెరిగి 187 డిగ్రీల దగ్గర శిఖరానికి చేరుతుంది. గిన్నె వంచినా ద్రవం కదలదు. ఇంకా వేడి చేస్తే గొలుసులు పొట్టివై మళ్లీ పారుతుంది, 445 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ చిక్కని దశలోని ద్రవాన్ని చల్లని నీటిలో పోస్తే గొలుసులు వలయాలుగా సర్దుకునే వ్యవధి లేక రబ్బరులా సాగే ప్లాస్టిక్ గంధకం వస్తుంది. కొద్ది రోజుల్లో అది పెళుసైన పసుపు గంధకంగా తిరిగిపోతుంది. ఇదేదో ప్రయోగశాల వింతగా తోసేయడానికి లేదు. కరిగిన గంధకాన్ని గొట్టాల్లో, ట్యాంకర్లలో తరలించే పరిశ్రమలు దాన్ని 160 డిగ్రీల లోపే ఉంచుతాయి. దాటితే పంపులు మొరాయిస్తాయి. ఆవిరిని బాగా కాలిస్తే చివరికి ఆక్సిజన్‌ను పోలిన రెండు పరమాణువుల అణువే మిగులుతుంది, ఆక్సిజన్‌లాగే అయస్కాంతానికి ఆకర్షితమవుతుంది కూడా. గంధకం కిందనున్న సెలీనియంలో కథ ముందుకు జరిగింది: ఎనిమిదేసి పరమాణువుల వలయాలున్న ఎర్ర రూపం ఉన్నా, నిలకడైనది మెలిదిరిగిన పొడవాటి గొలుసుల బూడిదరంగు రూపం; 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

రెండో వరుస మూలకాలు ‘పై’ బంధాలు బాగా చేయగలవంటే, వాటిలో ఒకటైన కర్బనం కూడా రెండు పరమాణువుల వాయువుగా ఎందుకు ముగిసిపోలేదన్న ఆక్షేపణకు ఇక్కడ జవాబు చెప్పాలి. ఇది బలమైన ఆక్షేపణే. రెండు కర్బన పరమాణువుల అణువు ఉంది. తోకచుక్కల ఆకుపచ్చ కాంతిలో, మంటల నీలి వెలుగులో దాని జాడ కనిపిస్తుంది. కానీ నాలుగు బంధాలను ఒకే దిశలో ఒకే పొరుగువాడితో చేయడానికి ఆర్బిటాళ్ల అమరిక సహకరించదు. ఆ అణువులో బంధ శక్తి సుమారు 600 కిలోజౌళ్లు. అదే రెండు మోల్‌ల పరమాణువులు గ్రాఫైట్‌లో చేరితే దక్కేది 1,430కి పైన. అంత లాభం వదులుకుని జతగా ఉండే ప్రశ్నే లేదు. కర్బనం తన ‘పై’ బంధాల నేర్పును వదులుకోలేదు కూడా. గ్రాఫైట్ పలకలో ప్రతి పరమాణువూ మూడు సిగ్మా బంధాలు చేసి, నాలుగో ఎలక్ట్రాన్‌ను పలకంతటా పంచేస్తుంది. వజ్రంలో నాలుగూ సిగ్మా బంధాలే, నాలుగు దిక్కులకూ. రెండింటి మధ్య శక్తి తేడా మోల్‌కు 2 కిలోజౌళ్ల లోపే.

వజ్రంలో బంధం ఎక్కడా ఆగదు. ఒక వజ్రమంతా ఒకే అణువు అనడం అతిశయోక్తి కాదు. బ్రాగ్ తండ్రీకొడుకులు 1913లో ఎక్స్ కిరణాలతో చూపింది అదే. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికి గోల్కొండ పేరుతో ప్రపంచమంతా తిరిగిన వజ్రాల్లో మేలైనవాటికి మరో ప్రత్యేకత చెబుతారు: వాటిలో నైట్రోజన్ దాదాపు కనిపించదు. వజ్రపు అల్లికలో అక్కడక్కడ కర్బనం స్థానంలో నైట్రోజన్ పరమాణువు చిక్కుకుంటే లేత పసుపు చాయ రావడం మామూలు. గాలిలో జతకట్టి విహరించే మూలకం అక్కడ కర్బనాల మధ్య ఇరుక్కుని ఘనంలో భాగమైపోతుంది. బంధం కర్బనంలో కూడా ఆగే సందర్భం ఒకటుంది. 1985లో రైస్ విశ్వవిద్యాలయంలో క్రోటో, కర్ల్, స్మాలీ కనుగొన్న అరవై పరమాణువుల బంతి, ఫుల్లరీన్, అన్ని బంధాలనూ తన గుండ్రని గోడలోనే ముగించుకుంటుంది. లోపలి బంధాలు గ్రాఫైట్‌లోవాటికి ఏమంత తీసిపోవు. అయినా అది టోలీన్‌లో కరిగి ఊదారంగు ద్రావణాన్నిస్తుంది, శూన్యంలో 500, 600 డిగ్రీలకే ఆవిరవుతుంది. వజ్రం ఏ ద్రావణిలోనూ కరగదు. పక్క గడిలో ఉన్న బోరాన్ కూడా పన్నెండేసి పరమాణువుల పంజరాలను ఒకదానితో ఒకటి బిగించి 2,076 డిగ్రీల దాకా కరగకుండా నిలబడుతుంది.

చివరి ఆక్షేపణ మొత్తం వాదాన్నే తడిమి చూసేది. లోపలి బంధమనీ, బయటి సన్నని ఆకర్షణ అనీ గీత గీసి వేరు చేయగలమా? చాలా చోట్ల గీయగలం, అయొడిన్ దగ్గర మాత్రం గీత మసకబారుతుంది. ఘన అయొడిన్‌లో అణువు లోపల రెండు పరమాణువుల దూరం 0.27 నానోమీటర్లు. పొరుగు అణువులోని పరమాణువు 0.35 దగ్గరే ఉంటుంది. వట్టి లండన్ బలాలే అయితే 0.4 దాకా ఉండాలి. ఎలక్ట్రాన్లు కొంచెం అణువు దాటి పక్కకు చిందుతున్నాయన్నమాట. ఆ లోహపు మెరుపు అక్కడిదే. (అయొడిన్ కరగకుండా నేరుగా ఆవిరవుతుందని పిల్లలకు చెబుతుంటాం. అది ఉత్పతనం చెందేది నిజమే గానీ, 114 డిగ్రీల దగ్గర చక్కగా కరుగుతుంది కూడా.) పీడనం పెంచితే గీత పూర్తిగా చెరిగిపోతుంది. 16 గిగాపాస్కల్స్ దగ్గర అయొడిన్ లోహంలా విద్యుత్తును ప్రసరిస్తుంది, 21 దగ్గర అణువులే విడిపోయి పరమాణువులు వరుసలు కడతాయి. 2004లో మైంజ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు నైట్రోజన్‌ను 110 గిగాపాస్కల్స్ పీడనంలో 2,000 కెల్విన్‌లు దాటించి, త్రి బంధాలు తెగి ప్రతి పరమాణువూ మూడు ఏక బంధాలతో అల్లుకున్న ఘనాన్ని తయారుచేశారు. హైడ్రోజన్ కూడా నొక్కితే లోహమవుతుందని విగ్నర్, హంటింగ్‌టన్ 1935లో అంచనా వేశారు. వాళ్లు అనుకున్న 25 గిగాపాస్కల్స్ ఏ మూలకూ సరిపోలేదు, 400 దాటిన ప్రయోగాల మీద ఇంకా వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి.

ఈ ప్రయోగాలు వాదాన్ని కూల్చవు, దాని హద్దు చెబుతాయి. చిన్న అణువుగా ముగిసిపోవాలంటే చుట్టూ ఖాళీ చోటుండాలి. ఆ చోటును పీడనం లాగేసుకుంటే బంధం ఆగే తీరిక ఉండదు. చల్లదనం ఆ పని చేయదు. ప్లూటో మీద 2015లో న్యూ హొరైజన్స్ నౌక చూసిన విశాలమైన నైట్రోజన్ మంచు మైదానంలో ఉన్నది అదే త్రి బంధపు అణువు. పక్కనున్నవాటిని విడిచి పోలేనంత చలిలో చిక్కుకుని ఉంది, అంతే. కరగడం, మరగడం మధ్య తేడా ఉందన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది. మరుగు స్థానం ఆకర్షణ బలాన్ని బాగానే ప్రతిబింబిస్తుంది; ద్రవీభవన స్థానంలో అణువులు స్ఫటికంలో ఎంత చక్కగా సర్దుకున్నాయన్నదీ కలుస్తుంది. ఆక్సిజన్ నైట్రోజన్‌కంటే పై ఉష్ణోగ్రతలో మరుగుతూనే, మైనస్ 219 డిగ్రీల దగ్గర, అంటే నైట్రోజన్‌కంటే తొమ్మిది డిగ్రీలు కింద కరగడానికి ఇలాంటి సర్దుబాటే కారణం. కాబట్టి ద్రవీభవన స్థానాలు ఒక్కటే పెట్టుకుని ఆకర్షణ బలాలను పోల్చే అలవాటు మానుకోవడం మంచిది.

పట్టిక అడుగు వరుసలకు చేరితే ప్రయోగాలకు సరిపడా పదార్థమే దొరకదు, లెక్కలే దిక్కు. ఆస్టటీన్ హాలోజన్ల గ్రూపులోదే అయినా, దాని ఘన రూపంలో జతలు అసలు ఉండవనీ, పరమాణువులు విడివిడిగా అమరిన లోహం కావచ్చనీ 2013లో వెలువడిన ఒక గణన చెబుతోంది. అయొడిన్‌లో మొదలైన చిందులాట అక్కడ పూర్తవుతుందన్నమాట. జడవాయువుల గ్రూపుకు చివరనున్న 118వ మూలకం ఒగానెసాన్‌ను ఇప్పటిదాకా వేళ్ల మీద లెక్కించదగినన్ని పరమాణువులుగానే తయారుచేశారు. అతి భారీ కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంతో పోల్చదగినంత పెరిగి, బయటి మేఘం సులువుగా వంగే స్థితికి చేరుతుంది కాబట్టి అది గది ఉష్ణోగ్రత దగ్గర వాయువుగా గాక ఘనంగా ఉండవచ్చని గణనలు సూచిస్తున్నాయి.